పొయ్యి వేరైతే పొలం వేరైనట్టేనా?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అన్నదమ్ములు విడిపోతే "ఏర్లు పడ్డరు" అంటారు. ఆ రోజు ముందుగా కదిలేది భూమి కాదు, వంటసామాను. నలుగురు పెద్దమనుషులు వేపచెట్టు కింద మంచాలు వేసుకుని కూర్చుంటారు. గంగాళం పెద్దోడికి పోతుంది, రాగి బిందెలు నడిపోడికి, ఇత్తడి గిన్నెలు చిన్నోడికి. రోలు మాత్రం పాతింటి వాకిట్లోనే ఉంటుంది, ముగ్గురు కోడండ్లూ అక్కడికే వచ్చి నూరుకోవాలి. ఎడ్ల జతను విడగొట్టరు. జత ఒకరికి ఇచ్చి, దాని విలువకు సరిపోను బర్రెనో పైసలనో ఇంకొకరికి ముట్టజెప్తారు. తల్లిదండ్రులకు నెల వంతులు వేస్తారు. పొద్దుగూకే యాళ్లకు చిన్న కోడలు కొట్టం పక్కన మూడు రాళ్లు పెట్టి పొయ్యి అంటిస్తుంది. ఆ పొగ లేచిందంటే ఊరి లెక్కలో పని పూర్తయినట్టే. మర్నాటి నుంచి పెండ్లి పిలుపులు కూడా మూడు గడపలకు విడివిడిగా వస్తాయి.

కోర్టు లెక్క ఇలా ఉండదు. పొయ్యిలు వేరు కావడం, ఇండ్లు వేరు కావడం ఒక్కటే చూసి ఉమ్మడి ఆస్తి పంపకం జరిగిందని న్యాయస్థానాలు ఒప్పుకోవు. కోడండ్లకు పొసగక వేరే వంట పెట్టుకోవచ్చు, ఇల్లు ఇరుకై పక్కకు జరగొచ్చు, పిల్లల చదువు కోసం దేవరకొండలోనో వనపర్తిలోనో కిరాయికి ఉండొచ్చు. వీటిలో ఏదీ పంపకానికి దానంతటదే రుజువు కాదు. హిందూ ఉమ్మడి కుటుంబాల ఆస్తికి ఆధారమైన పాత ధర్మశాస్త్ర వ్యాఖ్యానం మితాక్షర. ఆ న్యాయం ప్రకారం విడిపోవడంలో రెండు అంచెలున్నాయి. మొదటిది, "ఇకనుంచి నేను ఉమ్మడిలో లేను, నా వాటా నాది" అని ఒకరు అనుమానానికి తావు లేకుండా మిగతావాళ్లకు తెలియజెప్పడం. దాంతో ఉమ్మడి అనే స్థితి తెగిపోతుంది. రెండోది, గెట్లు పెట్టి, హద్దురాళ్లు పాతి, ఎవరి ముక్క వాళ్లకు చూపించడం. మొదటిది జరిగి రెండోది ఏండ్ల తరబడి జరగకపోవచ్చు. అలాంటప్పుడు వాటాలు వేరైనట్టే, నేల మాత్రం కలిసే ఉన్నట్టు.

మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కొలువులో ఉన్నవాడు. ఆ చాళుక్యుల ఏలుబడిలో అలంపురం, కొలనుపాక కూడా ఉండేవి. తొమ్మిది వందల ఏండ్ల నాటి ఆ వ్యాఖ్యానం ఈ నేల మీది పంచాదులకు పరాయిదేమీ కాదు.

పొయ్యికీ పొలానికీ మధ్య ఉన్న ఈ తేడా వల్ల ఎక్కువగా నష్టపోయింది ఆడబిడ్డలు. "మా నాయిన ఉన్నప్పుడే ఏర్లు పడ్డం, అప్పుడే అయిపోయింది" అన్న ఒక్క మాటతో వాళ్ల అడుగుడు ఆగిపోయేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెండ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. పెండ్లయిన వాళ్లు ఇంకో ఇరవై ఏండ్లు ఆగాల్సి వచ్చింది. 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెండ్లి షరతు లేకుండా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. 2004 డిసెంబర్ 20 కంటే ముందు జరిగిన పంపకాలను ఆ సవరణ ముట్టుకోదు. అయితే ఆ పంపకం రిజిస్టరైన దస్తావేజు ద్వారానో, కోర్టు డిక్రీ ద్వారానో జరిగి ఉండాలి. నోటిమాట పంపకం సంగతేమిటన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది. 2020 ఆగస్టులో వచ్చిన తీర్పు, నోటిమాటగా పంచుకున్నామన్న వాదనను ఊరికే నమ్మవద్దనీ, దానికి ప్రభుత్వ దస్తావేజుల బలం ఉన్న అరుదైన సందర్భాల్లోనే ఒప్పుకోవచ్చనీ చెప్పింది. చిన్న కోడలి పొయ్యి పొగ ఊరికి చాలిన సాక్ష్యం. ఆడబిడ్డ వాటాను కాదనడానికి మాత్రం అది చాలదు. న్యాయం ఇక్కడ సరైన వైపే నిలబడింది.

భార్యాభర్తల విషయంలో ఇదే మాట తలకిందులవుతుంది. పరస్పర అంగీకారంతో విడాకులు కావాలంటే ఏడాదికి తగ్గకుండా "వేరుగా జీవించి" ఉండాలని హిందూ వివాహ చట్టం అంటుంది. వేరుగా అంటే వేరే ఇంట్లో అనే చాలామంది అనుకుంటారు. 1991లో సుప్రీంకోర్టు వేరే అర్థం చెప్పింది: ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, మొగుడూపెళ్లాలుగా ఉంటున్నారా లేదా అన్నదే ముఖ్యం. ఒకే కప్పు కింద ఉంటూ కూడా వేరుగా బతకొచ్చు. అంటే అన్నదమ్ములు మూడు కప్పుల కింద ఉండి ఉమ్మడిగానే మిగలొచ్చు, ఆలుమగలు ఒక కప్పు కింద ఉండి వేరు కావచ్చు. రెండు చోట్లా చట్టం గోడల్ని లెక్కచేయలేదు. ఒక చోట ఆస్తి మీది ఉద్దేశాన్ని చూసింది, ఇంకో చోట కాపురం ఉందా లేదా అని చూసింది.

అదే చట్టంలో "న్యాయిక వేర్పాటు" అని ఇంకో ఏర్పాటు ఉంది. కోర్టు ఆ డిక్రీ ఇస్తే ఇద్దరూ కలిసి కాపురం చేయాల్సిన బాధ్యత ఉండదు గానీ పెండ్లి నిలిచే ఉంటుంది. మళ్లీ ఎవరినీ చేసుకోవడానికి వీల్లేదు. ఏడాది దాటినా కలవకపోతే అప్పుడు విడాకులు అడగొచ్చు. పల్లెలో పెద్దమనుషుల ముందు రాసుకునే "ఇడుపు కాయితం"లో ఈ మెట్లేవీ కనిపించవు. ఇడుపు అంటే ఇడిచిపెట్టుడే. ఈ కాయితం చేతికొచ్చాక తన పెండ్లి చట్టం దృష్టిలో ఇంకా ఉందని తెలియక ఇబ్బందిపడ్డ ఆడవాళ్లు ఉన్నారు. కొన్ని కులాల ఆచారంలో ఉన్న విడుపును చట్టం గుర్తిస్తుంది. కానీ ఆ ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి.

అసలు ఈ "ఏరు" ఎక్కడిది? పుస్తకంలోని "వేరు" ఈ ప్రాంతపు నోట్లో "ఏరు" అయింది. వేడి ఏడి అయినట్టు, వేలు ఏలు అయినట్టు, విడుపు ఇడుపు అయినట్టు. దాంతో నాలుగు మాటలు ఒక్క ధ్వనిలోకి వచ్చి చేరాయి. చెట్టు ఏరు, కృష్ణా ఏరు, బియ్యంలో రాళ్లు ఏరుడు, అన్నదమ్ముల ఏరు. "ఏర్లు" అని ఒక్కటే వినిపిస్తే ఏవో తెలియదు. తెగినయ్ అంటే చెట్టువి, పొంగినయ్ అంటే నీళ్లవి, పడ్డరు అంటే మనుషులవి. వెనక వచ్చే క్రియ చెప్పేదాకా ఆగాలి.

పాత తెలుగులో ఈ గజిబిజి ఇంత లేదు. చెట్టు వేరును మామూలు రేఫతో "వేరు" అనీ, విడి అనే అర్థంలో ఉన్నదాన్ని బండి ఱతో "వేఱు" అనీ రాసేవారు. తమిళంలో ఆ రెండు రేఫలూ ఇప్పటికీ వేర్వేరుగానే ఉన్నాయి. నారాయణపేట, గద్వాల దిక్కు వినబడే కన్నడంలో బేరు అంటే చెట్టు వేరు, బేరే అంటే వేరొకటి. మనం ఱ అక్షరాన్ని వదిలేశాక, చెట్టును నేలకు పట్టి ఉంచే వేరుకూ మనిషిని ఇంటినుంచి విడదీసే వేరుకూ రాతలో తేడా పోయింది. ఒక అక్షరం పోతే ఏం పోతుందనే వాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

వేరుశనగ పేరులో ఉన్నది చెట్టు వేరే. పాలమూరు ఎర్ర నేలల్లో యాసంగి పంటగా పండే దీన్ని పల్లికాయ అంటారు, దక్షిణాన బుడ్డలనీ అంటారు. కాయ కాసేది వేరుకు కాదు. పూత రాలాక పూవు అడుగునుంచి ఊడ దిగి మట్టిలోకి దూరుతుంది, దాని కొసన కాయ ఊరుతుంది. రైతులు "ఊడలు దిగుతున్నయ్" అంటూ ఆ రోజుల్లో నేలలో తేమ తగ్గకుండా కనిపెట్టుకుని ఉంటారు. పేరు పెట్టినవాళ్లు మొక్క పీకి చూసి పెట్టారు. రైతు మొక్క పీకకముందే చూశాడు.

వడ్ల దగ్గర వేరు చేయడమంటే నేరుగా డబ్బు. తూర్పార పట్టినా, జల్లెడ వేసినా, కొనుగోలు కేంద్రంలో ప్యాడీ క్లీనర్ తిప్పినా చేసేది గింజనుంచి తాలును విడదీయడమే. తేమ 17 శాతం దాటకూడదన్నది ఇంకో షరతు. తాలు గాలికి లేచిపోతుంది, తేమ లేవదు. దానికి ఎండే కావాలి. నల్లగొండ జిల్లాలో కోతలప్పుడు రోడ్డు పొడుగునా ఆరబోసిన వడ్లు ఆ రెండో వేరు కోసమే. చాటతో ఎంత చెరిగినా తేమ పోదని రైతుకు చెప్పాల్సిన పనిలేదు. తాగే నీళ్ల దగ్గర అదే సూత్రం చాలా ఇండ్లలో మరుగున పడింది.

నల్లగొండ బాధ అక్కడే ఉంది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల్లో బోరు నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉంటాయి. గ్రానైటు రాళ్లలోని ఖనిజాలనుంచి ఫ్లోరైడు ఏండ్లకేండ్లు కరిగి ఆ నీళ్లలోకి దిగింది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలి, వేరే గతి లేనప్పుడు 1.5 దాకా పరవాలేదని తాగునీటి ప్రమాణం చెప్తుంది. అది దాటితే మొదట పండ్ల మీద గార వస్తుంది, ఇంకా ఎక్కువై ఏండ్ల తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయి. "కాచి, చల్లార్చి, వడగట్టి తాగండి" అన్న మాట ఇక్కడ పనిచేయదు. వడగట్టితే నలక వేరవుతుంది, కాస్తే క్రిములు చస్తాయి. నీళ్లలో కరిగిపోయిన ఫ్లోరైడు బట్టకు దొరకదు, ఆవిరిలో పోదు. కాగి నీళ్లు తగ్గినకొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. తేటబడ్డ నీళ్లు, ఫ్లోరైడు వేరుపడ్డ నీళ్లు ఒకటి కావు. పొయ్యి వేరైతే పొలం వేరైందనుకోవడం ఎలాంటిదో, తేట నీళ్లు మంచి నీళ్లనుకోవడం అలాంటిదే. మొదటిదాంట్లో వాటా పోతుంది, రెండోదాంట్లో నడుము పోతుంది.

కరిగినదాన్ని పట్టుకోవాలంటే అది అంటుకునే ఇంకొకటి నీళ్లలో పుట్టాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ "నీరి" 1970లలో రూపొందించిన "నల్లగొండ పద్ధతి" చేసేది ఇదే. నీళ్లలో తగినంత సున్నం, కొంచెం బ్లీచింగు పౌడరు వేసి, తర్వాత పటిక కలుపుతారు. మొదట గబగబా, తర్వాత నిదానంగా తిప్పుతారు. పటిక విరిగి దూదిపింజల్లాంటి తెల్లటి ముద్దలు కడుతుంది. ఫ్లోరైడు ఆ పింజలకు అంటుకుని వాటితో పాటే అడుక్కు దిగుతుంది. బకెట్టుకు నల్లా అడుగున కాకుండా కొంచెం పైకి ఉంటుంది, పేరుకున్న మడ్డి కదలకుండా పైనీళ్లు పట్టుకోవడానికి. ఆ మడ్డిని ఏం చేయాలన్నది ఆ పద్ధతిలో మిగిలిన చిక్కు. వేరు చేసిన ఫ్లోరైడు ఎక్కడికీ మాయం కాలేదు, మడ్డిలోనే ఉంది. బావి పక్కన పారబోస్తే మళ్లీ నేలలోకే. జిల్లా పేరు ప్రపంచంలో ఫ్లోరైడు బాధితులున్న దేశాలకు ఒక వైద్యం పేరుగా పోయింది. ఆ పేరు వెనుక వంగిన నడుములున్న సంగతి మరవకూడదు. చివరకు ఈ ఊళ్లకు ఊరట బకెట్టుతో కంటే దూరంనుంచి పైపుల్లో వచ్చిన కృష్ణా నీళ్లతోనే ఎక్కువ దొరికింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో నిలబెట్టడానికి కారణం కూడా ఈ నేల చరిత్రే.

ఆ పద్ధతిలో వేసే సున్నం కూడా ఒక విడిపోవడంలోంచే పుట్టింది. పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రం పుస్తకంలో "రసాయన వియోగం" అనే మాట ఉంటుంది. కవిత్వంలో వియోగమంటే కన్నీళ్లు, అక్కడ ఒక సమీకరణం. సున్నపురాయిని బాగా కాలిస్తే పొడిసున్నం, కార్బన్ డయాక్సైడు విడిపోతాయి. 100 గ్రాముల స్వచ్ఛమైన రాయి కాలితే 56 గ్రాముల సున్నం మిగులుతుంది, 44 గ్రాములు గాలిలో కలుస్తుంది. వాడపల్లి, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో రాత్రింబవళ్లు జరిగేది ఈ వియోగమే. కథ అంతటితో ఆగదు. ఆ సున్నాన్ని నీళ్లలో తడిపి పండుగకు గోడకు వేస్తే, అది ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడును తిరిగి పట్టుకుంటుంది, గోడ మీద మళ్లీ సున్నపురాయే అవుతుంది. కొత్తగా వెల్ల వేసిన గోడ రోజులు గడిచేకొద్దీ గట్టిపడేది అందుకే. కొలిమిలో ఎడబాసినవి దసరాకు ఇంటి గోడ మీద కలుస్తాయి. పాఠ్యపుస్తకం ఈ రెండు చర్యలనూ వేర్వేరు పేజీల్లో పెట్టింది, ఒకే పేజీలో పెడితే పిల్లలకు వియోగం బాగా గుర్తుండేది.

రాజకీయాల్లోకి వచ్చేసరికి ఈ మాటను ఆయుధంగా వాడారు. 1956 నవంబర్ 1న తెలంగాణ ఆంధ్రతో కలిసింది. 1969లో ప్రత్యేక రాష్ట్రం కోసం విద్యార్థులు రోడ్డెక్కినప్పటినుంచి 2014 దాకా, అడిగినవాళ్లు తమ కోరికను "ప్రత్యేక తెలంగాణ" అన్నారు. వద్దన్నవాళ్లు దాన్ని "వేర్పాటువాదం" అన్నారు. నిఘంటువులో రెంటికీ పెద్ద తేడా లేదు. వార్తల్లో వేర్పాటువాదమంటే దేశంనుంచే విడిపోతామనడం. 1963 నాటి 16వ రాజ్యాంగ సవరణ తెచ్చింది అలాంటి ధోరణిని దృష్టిలో పెట్టుకునే. తెలంగాణ అడిగింది మూడో అధికరణం కింద దేశం లోపలే ఇంకో రాష్ట్రం. ఆ రెంటినీ ఒకే మాట కింద చేర్చడం పొరపాటున జరిగింది కాదు. కోర్టులో వేర్పాటు విడాకుల కంటే మెత్తని మాట, పెండ్లి నిలిచే ఉంటుంది. సభలో అదే వేర్పాటు అన్నింటికంటే పదునైన నింద అయింది.

దానికి ఉద్యమం ఇచ్చిన జవాబు ఇంటి భాషలోంచి వచ్చింది. "అన్నదమ్ముల్లా విడిపోదాం" అన్న మాట వేపచెట్టు కింది పంచాయితీని గుర్తుచేస్తుంది. అక్కడ విడిపోవడం నేరం కాదు, పగ అంతకన్నా కాదు. పొయ్యిలు వేరైనా పెండ్లికి ముగ్గురన్నదమ్ములూ పందిరి గుంజ పడతారు. వేర్పాటు అనే ముద్రను తుడిచేయడానికి పల్లెలో ప్రతి ఒక్కరికీ తెలిసిన ఏరు పనికొచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చాక జరిగింది కూడా ఇంటి పంపకమంత చిక్కైన పనే. అప్పులు, ఆస్తులను జనాభా లెక్కన ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతంగా చూశారు. ఉమ్మడి రాష్ట్రానికి వచ్చిన 811 టీఎంసీల కృష్ణా నీళ్లలో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని 2015లో తాత్కాలికంగా వాడుకునే ఒప్పందం కుదిరింది. మొదటి అంచె ఒక్క రోజులో తెగింది, రెండో అంచె గెట్ల దగ్గర నడుస్తూనే ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం దగ్గర ఏరే గెట్టు.

2016 అక్టోబర్ 11న నల్లగొండనుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. మహబూబ్‌నగర్‌నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి, 2019లో నారాయణపేట కూడా పోయింది. ఆ తర్వాతే పత్రికల్లో, జనం మాటల్లో "ఉమ్మడి నల్లగొండ", "ఉమ్మడి పాలమూరు" అనే పేర్లు పాతుకున్నాయి. కలిసి ఉన్నన్నాళ్లు ఆ జిల్లాలను ఎవరూ ఉమ్మడి అనలేదు, ఆ అవసరం రాలేదు. అన్నదమ్ముల మధ్య కూడా అంతే. ఏర్లు పడ్డాకనే "ఉమ్మట్ల ఉన్నప్పుడు" అనే మాట మొదలవుతుంది.

వీటన్నిటికీ చట్టాలో, లెక్కలో, పేర్లో ఉన్నాయి. పాలమూరు వలసకు మాత్రం ఏ పేరూ సరిగ్గా అతకదు. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆలుమగలు బొంబాయికో పుణెకో పోతే, పిల్లలు అవ్వతాతల దగ్గర ఉంటారు. ఒకటే రేషన్ కార్డు, రెండు ఊళ్లలో రెండు పొయ్యిలు. అది ఏర్లు పడుడు కాదు, వేర్పాటు కాదు, విడాకులు అంతకన్నా కావు. కవులు ఎడబాటు అంటారు. అడిగితే వాళ్లు "బతుకపోయినం" అంటారు.

వ్యాకరణంలో ఈ విడిపోవడానికి ఒక చోటు ఉంది. ఒకటి కదిలిపోయినప్పుడు కదలకుండా ఉండిపోయినదాన్ని పాణిని అపాదానం అన్నాడు. చెట్టునుంచి ఆకు రాలితే చెట్టు అపాదానం. పుస్తకాల తెలుగులో ఆ చోట "నుంచి" వస్తుంది. దక్షిణ తెలంగాణలో స్థలానికి "కెళ్లి" వస్తుంది, కాలానికి "సంది" వస్తుంది. "యాడికెళ్లి వస్తున్నవ్?" అంటే ఎక్కడినుంచి అని. కోస్తావాళ్లు అదే మాట వింటే ఎక్కడికి వెళ్లి వస్తున్నావని అడిగినట్టు అర్థం చేసుకుంటారు. మహబూబ్‌నగర్ బస్టాండులో పొద్దున్నే దిగి, మూట నెత్తిన పెట్టుకున్న మనిషి "బొంబాయికెళ్లి వస్తున్న" అంటాడు. ఆ వాక్యంలో కదలకుండా ఉన్నది బొంబాయి, కదిలివచ్చింది తాను. నాలుగు నెలలకు మళ్లీ బస్సెక్కి పోయి, అక్కడ కొత్త మేస్త్రి ఏ ఊరని అడిగితే "పాలమూరుకెళ్లి వచ్చినం" అంటాడు. ఈసారి కదలనిది పాలమూరు.